ఆరు వేలు దాటాక ఏముంది?

నరసాపురం రేవులో సఖినేటిపల్లి పంటు ఎక్కినవాళ్లందరూ గోదారి వైపు తిరిగి నిలబడతారు. సంక్రాంతికి అమెరికా నుంచి వచ్చిన మా బావ మాత్రం ఇంజిన్ వైపు తిరిగి నిలబడ్డాడు. వశిష్ఠ దాటినంతసేపూ ఆ డీజిల్ చప్పుడే విని, అవతలి గట్టున దిగాక ఫోన్ తీసి "ఇప్పుడు ఇది వినండి" అన్నాడు. అది ఆయన కారు చప్పుడు. హోండా ఎస్2000, 2001 మోడల్. ఇద్దరే పట్టే కారు, పైకప్పు మడిచేయొచ్చు.

మాతో మా చెరువుల మీద జనరేటర్లు చూసే మేస్త్రి కూడా ఉన్నారు. ఆయన ఫోన్ చెవికి ఆనించుకుని ఒకసారి విన్నారు. మళ్లీ పెట్టమని ఇంకోసారి విన్నారు. "మధ్యలో గొంతు మారిందండి. అక్కడేం జరుగుద్ది?" అని అడిగారు.

బావ మొహం వెలిగిపోయింది. పండక్కి వచ్చిన దగ్గర్నుంచి ఆ కారు గురించి ఆయన చెబుతుంటే ఇంట్లో అందరూ కారు ధరెంత, మైలేజీ ఎంత అన్నవాళ్లే. ఈ మోజు మొత్తం ఆ గొంతు మారే చోటు చుట్టూ తిరుగుతుందని ఒక్క వినికిడితో పట్టేసింది మేస్త్రి ఒక్కరే.

హోండా కంపెనీ 1948లో పుట్టింది. యాభై ఏళ్లు నిండిన సందర్భంలో తయారైన కారు ఇది. 1999లో అమ్మకానికి వచ్చి 2009లో ఆగిపోయింది. అందులోని ఇంజిన్ పేరు ఎఫ్20సీ. నాలుగు సిలిండర్లు, 1,997 సీసీ, గాలిని ఒత్తిడితో లోపలికి తోసే టర్బో లేదు. జపాన్‌లో అమ్మినదానికి 250 హార్స్ పవర్, బావ దగ్గరున్న అమెరికా రకానికి 240. అంత పవరూ చేతికొచ్చేది 8,300 ఆర్‌పీఎమ్ దగ్గర, అంటే ఇంజిన్ నిమిషానికి అన్ని చుట్లు తిరిగేటప్పుడు. మీటర్లో ఎర్రగీత 9,000 దగ్గర ఉంటుంది. మామూలు పెట్రోలు కారు ఆరున్నర వేలకే ఇక చాలంటుంది.

ఈ అంకెలు ఎంత వింతవో తెలియాలంటే పక్కన మనకు తెలిసిన ఇంజిన్ ఒకటి పెట్టాలి. చేల గట్ల మీద నీళ్లు తోడుతూ, ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబుల్లో పరీక్షలకు లొంగుతూ కనిపించే కిర్లోస్కర్ ఏవీ1 ఉంది. ఒకే సిలిండర్, 553 సీసీ, 1,500 ఆర్‌పీఎమ్ దగ్గర 5 హార్స్ పవర్. ఇంజిన్ సైజులో లీటరుకి, అంటే వెయ్యి సీసీకి, లెక్క వేస్తే తొమ్మిది. బావ ఇంజిన్‌కి లీటరుకి 120. అంటే పదమూడు రెట్ల పైన తేడా.

అంత తేడా ఎక్కణ్నుంచి వచ్చింది? వెనకటికి ఇద్దరు మనుషులు చెరో పక్కనా నిలబడి తాళ్లు పట్టుకుని గూడ వేసేవాళ్లు, కాలువలోంచి చేలోకి. గూడ ఎంత పెద్దదన్నది టార్క్. నిమిషానికి ఎన్నిసార్లు తోడుతున్నారన్నది ఆర్‌పీఎమ్. చివరికి చేలో పడే నీరు పవర్. ఎక్కువ నీరు కావాలంటే పెద్ద గూడైనా కట్టాలి, చేతులైనా వేగంగా ఆడించాలి. ఈ రెండు ఇంజిన్లకీ లీటరుకి వచ్చే టార్క్ చూస్తే తేడా రెండున్నర రెట్లు కూడా లేదు. ఆర్‌పీఎమ్‌లో తేడా మాత్రం ఐదున్నర రెట్లు. రెండూ గుణిస్తే ఆ పదమూడు వచ్చేస్తుంది. గూడ కొంచెమే పెద్దది. చేతులే పిచ్చి వేగంతో ఆడుతున్నాయి.

ఇది కాస్త అన్యాయమైన పోలికేలెండి. ఏవీ1ని అదే బరువు మీద గంటల తరబడి నడవడానికి చేశారు, ఎఫ్20సీ 8,300 దగ్గర ఉండేది గేరు మార్చే ముందు ఒక క్షణం. అయినా అసలు విషయం బయటపడింది. టర్బో లేకుండా ఇంత పవరు రాబట్టాలంటే చుట్లు పెంచడం తప్ప పెద్దగా దారి లేదు.

మరి అందరూ చుట్లు పెంచేయొచ్చు కదా? అక్కడ ఊపిరి అడ్డం వస్తుంది.

9,000 ఆర్‌పీఎమ్ దగ్గర పిస్టన్ ఒకసారి పైనుంచి కిందికి దిగడానికి పట్టేది సెకనులో మూడు వందల వంతు. సిలిండర్ గాలి పీల్చుకోవడానికి ఉన్న సమయం దాదాపు అంతే. గాలికీ పొగకీ తలుపు లాంటిది వాల్వు, ఒక్కోటి సెకనుకి 75 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. మనం రెప్పవేసే లోపల ఏడెనిమిది సార్లన్నమాట. అంత తక్కువ సమయంలో సిలిండర్ నిండాలంటే వాల్వుని ఎత్తుగా తెరవాలి, ఎక్కువసేపు తెరిచి ఉంచాలి. పిస్టన్ కిందికి వెళ్లి మళ్లీ పైకి రావడం మొదలుపెట్టాక కూడా కొంచెంసేపు మూయకూడదు. వేగంగా వస్తున్న గాలి తన ఊపులోనే ఇంకాస్త లోపలికి తోసుకొస్తుంది. నిండుగా పారే కాలువకి లాకు దగ్గర తలుపు దించితే నీరు వెంటనే ఆగదు కదా, ముందు తలుపు మీదికి ఎగదన్నుతుంది. అదే ఊపుని ఇక్కడ వాడుకుంటారు.

చిక్కల్లా ఏమిటంటే, అదే వాల్వు అదే ఆలస్యంతో 2,000 ఆర్‌పీఎమ్ దగ్గర పనికిరాదు. అక్కడ గాలికి ఊపు లేదు. పిస్టన్ పైకి వస్తుంటే, పీల్చినదాంట్లో కొంత తెరిచి ఉన్న వాల్వులోంచి వెనక్కి పోతుంది. ఇంజిన్ నత్తినత్తిగా నడుస్తుంది, పెట్రోలు వృథా, పొగలో కాలని పెట్రోలు. వాల్వు ఎప్పుడు తెరుచుకోవాలో చెప్పేది క్యామ్ షాఫ్ట్ అనే తిరిగే కడ్డీ మీద ఉండే గుడ్డు ఆకారం బొడిపె. ఆ బొడిపెని ఒకసారి చెక్కాక ఇక మార్చలేం. కింది వేగానికి చెక్కితే పైన ఊపిరాడదు, పైవేగానికి చెక్కితే కింద నడవదు. ఎన్నో ఏళ్లు రేసు కారుకి ఒక క్యామ్, ఊళ్లో తిరిగే కారుకి ఒక క్యామ్ అన్నట్టే సాగింది.

దీనికి హోండా కనిపెట్టిన ఉపాయమే వీటెక్. 1989లో ఇంటిగ్రా అనే కారులో మొదట పెట్టారు. ఆ 1.6 లీటర్ల ఇంజిన్ 160 హార్స్ పవర్ ఇచ్చింది. ఉపాయం వింటే ఇంతేనా అనిపిస్తుంది. ప్రతి జత వాల్వులకీ రెండు బొడిపెల బదులు మూడు పెట్టారు. పక్కల ఉన్నవి రెండూ నెమ్మది బొడిపెలు. నడుమ ఉన్నది రేసు బొడిపె. మామూలుగా వెళ్తున్నప్పుడు నడిమిది ఊరికే తన రాకర్‌ని (బొడిపెకీ వాల్వుకీ మధ్య ఊగే మీటని) ఆడిస్తుంటుంది, వాల్వుకి ఆ సంగతే తెలియదు. ఆర్‌పీఎమ్ సుమారు 6,000 చేరగానే కంప్యూటర్ ఒక చిన్న ద్వారం తెరుస్తుంది. ఇంజిన్ ఆయిల్ ప్రెషర్‌తో రాకర్ల లోపల ఉన్న పిన్నులు జరిగి మూడు రాకర్లనీ కలిపి గడియ పెట్టేస్తాయి. ఇక ముగ్గురూ నడిమివాడు చెప్పినట్టే ఆడాలి. వాల్వులు ఒక్కసారిగా ఎత్తుగా, ఎక్కువసేపు తెరుచుకుంటాయి.

మేస్త్రి విన్న గొంతు మార్పు అదే. గాలి పీల్చే తీరు మారింది కాబట్టి శబ్దం మారింది.

మేస్త్రికి ఈ గడియ సంగతి చెబితే వెంటనే అన్న మాట: "అయితే ఆయిల్ తక్కువైతే గడియ పడదండి." నిజమే. ఆయిల్ ప్రెషరే దాని చెయ్యి. ఇంజిన్ చల్లగా ఉన్నా కంప్యూటర్ ఆ గడియ పడనివ్వదు. అందుకే ఈ కార్ల ఓనర్లు పొద్దున్నే డిప్‌స్టిక్ తీసి చూసుకోవడం, ఇంజిన్ వేడెక్కేదాకా కాలు నెమ్మదిగా పెట్టడం ఒక నిత్యపూజలా చేస్తారు. బావ ఫోన్లో డిప్‌స్టిక్ ఫొటోలే ఒక పాతిక ఉన్నాయి. మా అక్కయ్య ఫొటోలు అన్ని ఉన్నాయో లేవో.

ఊపిరి సంగతి తేలాక ఇంకో గండం ఉంది, బరువు. ఏవీ1లో పిస్టన్ నడిచే దూరం 110 మిల్లీమీటర్లు, ఎఫ్20సీలో 84. అయినా సగటు వేగం తీస్తే ఏవీ1 పిస్టన్ సెకనుకి ఐదున్నర మీటర్లు నడుస్తుంది, ఎఫ్20సీ పిస్టన్ 9,000 దగ్గర 25 మీటర్లు. అది కూడా ఒకే దిక్కున కాదు. సెకనుకి మూడు వందల సార్లు ఆగి వెనక్కి తిరగాలి. పైన ఆగి తిరిగే ఆ క్షణంలో దాని మీద పడే లాగుడు భూమి లాగేదానికి నాలుగు వేల రెట్లు దాటుతుంది. పిస్టన్ మూడు వందల గ్రాములనుకున్నా, దాన్ని పట్టి ఉంచే కనెక్టింగ్ రాడ్డుకి టన్నుకి పైగా బరువు వేలాడుతున్నట్టే. అందుకే పిస్టన్లు పోతపోసినవి కాకుండా ఫోర్జింగ్ చేసినవి, అంటే లోహాన్ని గట్టిగా అదిమి చేసినవి, వేశారు. సిలిండర్ గోడలకి పోత ఇనుప లైనర్ల బదులు ఫైబర్ కలిపిన లోహం వాడారు.

చప్పుడు గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే ఓనర్ల మాటల్లో సగం దాని గురించే. ఏవీ1 లాంటి ఒంటి సిలిండర్ ఇంజిన్ 1,500 దగ్గర సెకనుకి పన్నెండున్నర సార్లు పేలుతుంది. చెవి వాటిని విడివిడిగా పట్టేస్తుంది, మనకది దరువు. డుగ్ డుగ్ డుగ్. నాలుగు సిలిండర్ల ఇంజిన్ 6,000 దగ్గర సెకనుకి 200 సార్లు పేలుతుంది. అక్కడ దరువు పోయి స్వరం వచ్చేస్తుంది. 9,000 దగ్గర 300 సార్లు. రెండు వందల నుంచి మూడు వందలంటే సంగీతం తెలిసినవాళ్లకి లెక్క వెంటనే తడుతుంది, అది షడ్జం నుంచి పంచమం. సన్నాయి విద్వాంసుడు స దగ్గర ఊపిరి పట్టి ఎక్కడా తెగకుండా ప దాకా జారుతూ పైకెళ్లినట్టు. గడియ పడ్డ చోటు నుంచి ఎర్రగీత దాకా ఉన్న దారి సరిగ్గా అంత. హోండా ఇంజనీర్లు సంగీతం చూసుకుని చేశారని అనను, అలా కుదిరింది. బావ ఫోన్లో వీడియో మళ్లీ మళ్లీ వినేది మాత్రం ఆ స-ప మధ్య ముక్కే.

ఇక్కడిదాకా ఇంజిన్ సంగతి. మనుషులు దాని మీద పడి చచ్చేది ఎందుకో ఇది పూర్తిగా చెప్పదు. 240 హార్స్ పవర్ ఈరోజు పెద్ద అంకె కాదు. ఇదే హోండా 2015లో తెచ్చిన సివిక్ టైప్ ఆర్, అదీ రెండు లీటర్లే, టర్బోతో 310 హార్స్ పవర్ ఇచ్చింది. టార్క్ 400 న్యూటన్ మీటర్లు, అది కూడా 2,500 ఆర్‌పీఎమ్ దగ్గర నుంచే. బావ కారు టార్క్ 208, దాని కోసం 7,500 దాకా వెళ్లాలి. కాగితం మీద పోటీయే లేదు.

నాకు అర్థమైనంతవరకు కిటుకు ఇక్కడుంది. టర్బో కారు బలాన్ని కాలి కింద పెట్టి ఇస్తుంది. తొక్కితే వస్తుంది, ఎవరు తొక్కినా వస్తుంది. ఎఫ్20సీ బలాన్ని అటక మీద దాచి నిచ్చెన మన చేతికిస్తుంది. 6,000 లోపల అది ఒక మామూలు రెండు లీటర్ల కారు, కొంచెం బద్ధకస్తురాలు కూడా. పైకి వెళ్లాలంటే గేరు మనమే వేయాలి, ఆరు గేర్ల మాన్యువల్ తప్ప ఆ కారు వేరే రకంలో రాలేదు. రెండో గేరులో 9,000 దాకా లాగి మూడోది వేస్తే ముల్లు ఆరున్నర వేల దగ్గర వాలుతుంది, అంటే గడియ ఊడదు. కాస్త ముందే, ఏడు వేలకే కంగారుపడి మార్చామా, ముల్లు ఐదు వేల చిల్లరకి పడిపోయి బద్ధకం మళ్లీ మొదలు. సరిగ్గా నడిపామో లేదో కారు ప్రతిసారీ మొహం మీదే చెప్పేస్తుంది. ఆ మాట పడటానికే వీళ్లు డబ్బులిస్తారు.

తప్పు చేస్తే శిక్ష కూడా ఉంది. ఆర్‌పీఎమ్ హద్దు దాటితే పెట్రోలు ఆపేసే ఏర్పాటు ఉంటుంది కదా, ఇక భయమేముంది అనుకుంటాం. అది కాలు ఎక్కువ తొక్కినప్పుడే కాపాడుతుంది. మూడో గేరులో 9,000 దగ్గర ఉండి, నాలుగోది వేయబోయి చెయ్యి జారి రెండోది పడిందనుకోండి. ఇప్పుడు ఇంజిన్‌ని తిప్పుతున్నది పెట్రోలు కాదు, రోడ్డు మీద తిరుగుతున్న చక్రాలు. గేరు లెక్క ప్రకారం పన్నెండు వేలు దాటుతుంది. వాల్వు స్ప్రింగులు అంత వేగంగా వాల్వుల్ని వెనక్కి లాగలేవు, వాల్వులు గాలిలో తేలతాయి, స్ప్రింగు పట్టి ఉంచే చిన్న బిళ్లలు చిట్లుతాయి. ఒక్కోసారి అది అప్పటికప్పుడు తెలియదు, తర్వాతెప్పుడో వాల్వు జారి పిస్టన్ మీద పడ్డప్పుడు తెలుస్తుంది. అందుకే పాత ఎస్2000 కొనేవాళ్లు రంగు కంటే ముందు వాల్వు కవర్ విప్పించి ఆ బిళ్లలు చూస్తారు, నాలుగు సిలిండర్ల కంప్రెషన్, అంటే లోపల గాలిని ఎంత గట్టిగా నొక్కుతున్నాయో, కొలుస్తారు.

మనవాళ్లు పాత ఆయిల్ ఇంజిన్ కొనేటప్పుడు చేసేదీ అదే. సిలిండర్‌లో ఒత్తిడి వదిలేసే డీకంప్రెషన్ లివర్ ఎత్తి హ్యాండిల్ తిప్పి, ఊపు మీద లివర్ వదులుతారు. చేతికి ఎదురు తన్నిందా, ఇంజిన్‌లో ప్రాణం ఉన్నట్టు. మెత్తగా తిరిగిపోయిందా, బేరం అక్కడే సగానికి పడిపోతుంది. బావ కొన్నప్పుడు గేజ్ పెట్టి అంకెలు రాసుకున్నాడు, మేస్త్రికి అరచెయ్యి చాలు.

మోజున్నవాళ్లు చెప్పేదంతా ఒప్పుకోనక్కర్లేదు. రోజూ ట్రాఫిక్‌లో ఆఫీసుకి వెళ్లేవాడికి 6,000 పైన ఏముంటే ఏం లాభం? రెండో గేరులో ఎర్రగీత ముట్టేసరికే బండి వంద కిలోమీటర్లు దాటేస్తుంది. అంటే ఆ స-ప మొత్తం మామూలు రోడ్డు మీద నిండుగా వినేది ఒకటిన్నర గేర్లలోనే. ఈ గోల కంపెనీకీ వినపడింది. 2004లో అమెరికా కార్లకి పిస్టన్ నడక 90.7 మిల్లీమీటర్లకి పెంచి ఇంజిన్‌ని 2,157 సీసీ చేశారు. కింద లాగుడు మెరుగైంది. నడక పొడవు పెరిగింది కాబట్టి చుట్లు తగ్గించక తప్పలేదు, ఎర్రగీత 8,000కి దిగింది. బుద్ధిగా చూస్తే రెండోదే మంచి ఇంజిన్. అయినా పాతదే అసలుదని వాదించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, మా బావ అందులో ముందు వరస. ఆయనకి ఆ పైన వెయ్యి కావాలి, అంతే. మోజుకి తర్కం అడిగితే పులసకి ధర అడిగినట్టుంటుంది.

ఇలాంటి ఇంజిన్లు ఎందుకు పోయాయంటే, పొగ నిబంధనలూ మైలేజీ లెక్కలూ బిగుసుకున్నాయి. కారు పొగనీ, పెట్రోలు ఖర్చునీ కొలిచే పరీక్షలు ఎక్కువగా తక్కువ ఆర్‌పీఎమ్ దగ్గరే జరుగుతాయి. అక్కడ మార్కులు తెచ్చుకునేది చిన్న టర్బో ఇంజిన్. పైన తొమ్మిది వేల దగ్గర ఎంత అందంగా పాడినా పరీక్ష పెట్టేవాడు వినడు.

మన దేశంలో ఎస్2000 అధికారికంగా ఎప్పుడూ అమ్మలేదు. వెళ్లేటప్పుడు తన కారుని ఇక్కడికి తెచ్చుకోవచ్చా అని బావ అడిగాడు. కుదరదు. వాడిన కారు దిగుమతి చేసుకోవాలంటే తయారై మూడేళ్లు దాటకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి. రెండిట్లోనూ ఆయన కారు ఫెయిలే. అయినా తెచ్చి ఏ పంట కాలువ గట్టు మీద తొమ్మిది వేలు లాగుతాడు? ఎదురుగా గడ్డి ట్రాక్టరు వస్తే రెండో గేరుకి కూడా దారుండదు.

వీటెక్ మాత్రం మన దగ్గరికి ఎప్పుడో వచ్చింది. 2000ల మొదట్లో అమ్మిన హోండా సిటీలో ఒకటిన్నర లీటర్ల వీటెక్ రకం ఉండేది, నూరు హార్స్ పవర్ దాటినది. అప్పట్లో ఆ సైజు కారుకి అది ఎక్కువే. దాన్ని అమ్మకుండా, సామాను దొరక్కపోతే ఊరూరా వెతుక్కుంటూ ఇప్పటికీ నడుపుకునేవాళ్లు ఉన్నారు. అమలాపురంలో మాకు తెలిసినాయన ఒకరు కొత్త ఎస్‌యూవీ కొని దాన్ని ఇంట్లోవాళ్లకి వదిలేసి, తను మాత్రం ఈ పాత సిటీలోనే తిరుగుతారు.

మొన్న బావ వాట్సాప్‌లో ఒక వీడియో పంపాడు. వాల్వు కవర్ విప్పి, సన్నటి రేకుల ఫీలర్ గేజ్ పెట్టి టాపెట్లు, అంటే వాల్వుల దగ్గర ఉండాల్సిన సందు, సరిచేసుకుంటున్నాడు. చాలా కొత్త కార్లలో ఆ పని ఆయిల్ ప్రెషర్ తనే చేసుకుంటుంది, కానీ ఇంత వేగంలో ఆ ఏర్పాటు నమ్మకంగా ఉండదని ఇందులో చేతి సవరణే ఉంచారు. గాలి లోపలికొచ్చే వాల్వుకి మిల్లీమీటరులో పావు వంతు లోపు సందు, పొగ వాల్వుకి వెంట్రుకవాసి ఎక్కువ. మేస్త్రికి చూపించాను. చెరువు గట్టు మీద జనరేటర్ పక్కనే కూర్చుని ఫోన్ దగ్గరికి పెట్టుకుని, స్క్రూ పట్టి ఉంచి లాక్‌నట్టు బిగిస్తున్న చోట ఆపించారు.

"మనదానికీ ఇదే స్క్రూ, ఇదే నట్టు అండి" అన్నారు. తర్వాత ఇంకోసారి చూసి, "నట్టు బిగించేటప్పుడు స్క్రూ కొంచెం తిరుగుతోంది, బాబుగారికి చెప్పండి. బిగించాక గేజ్ మళ్లీ పెట్టి చూసుకోమనండి."

చెప్పాను. మూడు వాల్వులు మళ్లీ చేయాల్సి వచ్చిందట.